కాస్త లోపలికి జరగండి

ఆమె పెళ్ళి ఫొటోలు తీస్తుంది. ఊళ్ళో సగంమంది ఆమెను ఫొటో అక్క అనే పిలుస్తారు. పెళ్ళికూతురి తాతగారు కూడా "ఫొటో అక్కా, నన్నొకటి తియ్యమ్మా" అంటూ వచ్చి నిలబడతాడు. తనకంటే ముప్ఫయ్యేళ్ళు పెద్దవాళ్ళకు అక్క కావడం ఆమెకు అలవాటైపోయింది.

ఇంటి ముందుగదే స్టూడియో. ఒక గోడకు తెల్లటి తెర, మూలన మడిచి పెట్టిన లైటు స్టాండ్లు, బల్ల మీద కంప్యూటరు, దాని పక్కన ఎప్పుడూ ఛార్జింగులో ఉండే బ్యాటరీలు. వెనక రెండు గదుల్లో సంసారం. భర్త ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాడు. అతను ఇంట్లో ఉన్నప్పుడు ఈమె ఉండదు, ఈమె ఉన్నప్పుడు అతను ఉండడు. ఎప్పుడూ ఇంట్లో ఉండేది మామగారొక్కరే.

ఆయన సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి ఆయన గొంతులో మాట మిగిలేది కాదు. రిటైరయ్యాక ఆ గొంతు మొత్తం ఇంటి మీద పడింది. పాలవాడిని వరసలో నిలబడమనేవారు, వరసలో అతనొక్కడే ఉన్నా సరే. వీధి మలుపులో బస్సు చప్పుడు వినబడితే చాలు, కిటికీ దగ్గరికి వెళ్ళి, "ఇవాళా ఖాళీగానే పోతోంది. డ్రైవరు ఆపడు, కండక్టరు పిలవడు. ఇంక జనం ఎలా ఎక్కుతారు?" అని సొంత ఆస్తి పోయినట్టు బాధపడేవారు. అత్తగారు బతికున్న రోజుల్లో ఆ గోడు వినడానికి ఒక మనిషి ఉండేది. ఆవిడ పోయాక కిటికీయే గతి.

సరిగ్గా పెళ్ళిళ్ళు ముంచుకొచ్చే సమయానికి ఫొటో అక్క అసిస్టెంటు మానేసింది. ఆ అమ్మాయి ఏళ్ళ తరబడి ఊరందరి పెళ్ళిళ్ళలో లైటు పట్టుకుని, చివరికి వాటిల్లోనే పరిచయమైన వీడియో అతన్ని పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోయింది. సంతోషించాల్సిన విషయమే. కాని ఫొటో అక్కకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"లైటు పట్టుకోవడమే కదా. నేనొస్తాలే," అన్నారు మామగారు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"మీకెందుకు మామయ్యా శ్రమ? గంటల తరబడి నిలబడాలి."

"జీవితమంతా నిలబడే ఉద్యోగం చేశానమ్మా. కూర్చోవడమే నాకు చేతకావడం లేదు."

ఆమె లైటు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

మొదటి పెళ్ళిలో ఆయన లైటు పట్టుకున్న మాట నిజమే. కాని కళ్ళు పెళ్ళి మీద, చెయ్యి ఎటో. వేదిక మీద ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుంటే ఆయనా ముక్కు ఎగపీల్చేవారు, లైటు ఆ ఎగపీల్పుతోపాటు పైకి పోయేది. ఫొటో అక్క కెమెరాలో చూసుకుంటే పెళ్ళికూతురి కంటే సీలింగు ఫ్యానే బాగా పడింది. ఆమె తల ప్రాణం తోకకి వచ్చింది. ఇంకో మనిషిని వెతుక్కోక తప్పదని అక్కడే నిర్ణయించేసుకుంది.

తర్వాత గ్రూపు ఫొటో.

ఏ పెళ్ళి ఫొటోగ్రాఫరుని అడిగినా చెప్తారు, అన్నిటికంటే కష్టం అదే. పిలిచినవాళ్ళు రారు, పిలవనివాళ్ళు ముందు నిలబడతారు, అందరూ సర్దుకున్నాక పెళ్ళికొడుకు మేనత్త చేతులు కడుక్కోవడానికి వెళ్తుంది. ఫొటో అక్క బతిమాలి బతిమాలి గొంతు పోగొట్టుకుంటుంటే మామగారు లైటు స్టాండుకు తగిలించి, ఒకసారి దగ్గి, ముందుకొచ్చారు.

"ఆ... వెనకాలవాళ్ళు కాస్త లోపలికి జరగండి! లోపల బోలెడు ఖాళీ ఉంది! ఎర్ర చొక్కా బాబూ, ఫుట్‌బోర్డు మీద వేలాడకు, పైకి ఎక్కు! పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండమ్మా, పెద్దవాళ్ళకి చోటివ్వండి!"

హాలు ఒక్క క్షణం బిత్తరపోయింది. మరుక్షణం అందరూ కదిలారు. బస్సులో ఆ మాట వింటే మనిషి ఆలోచించకుండా ఎలా జరుగుతాడో అలాగే జరిగారు. జరిగాక, తాము ఎందుకు జరిగామో తట్టి పకపకా నవ్వారు. ఆయన కోడలి వైపు తిరిగి, "రైట్ రైట్!" అన్నారు. ఆమె మీట నొక్కింది.

అంతమంది ఒకేసారి, ఒకే సంగతికి, మనసారా నవ్విన గ్రూపు ఫొటో ఆమె అంతకుముందు ఎప్పుడూ తీయలేదు.

ఇంకో మనిషిని వెతికే పని ఆగిపోయింది. లైటు ఎటు తిప్పాలో నేర్పితే ఆయన నేర్చుకున్నారు. ఇద్దరూ పాత కారులో సామాన్లు వేసుకుని తిరిగేవారు. తొందరపడి బయల్దేరిన రోజు దారిలో ఎక్కడో బండి పక్కకి ఆపి డబ్బా విప్పుకునేవారు. డబ్బా మూత ఆయన పట్టుకుంటే ఆమె వడ్డించేది. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి "భోజనానికి రండి మామయ్యా", "వస్తున్నానమ్మా" తప్ప పెద్దగా మాట్లాడుకోనివాళ్ళు, ఆ కారులో నోరు మూసుకుంటే ఒట్టు. ఆయన బస్సు కబుర్లు చెప్పేవారు, ఆమె పెళ్ళి కబుర్లు చెప్పేది. రెండూ ఇంచుమించు ఒకటేనని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆమె ఫొటో కోసం నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చోవడం ఆయన కంటబడింది. తర్వాతి పెళ్ళికి సామాన్లతోపాటు ఒక చిన్న దిండు కూడా వచ్చింది.

"ఇదెందుకు మామయ్యా, నవ్వుతారు."

"నవ్వనీ. నీ మోకాళ్ళు ఏమన్నా బండి టైర్లా, అరిగితే మార్చుకోడానికి?"

ఆ రోజు నుంచి ఆమె ఎక్కడ వంగబోతే అక్కడ ఆ దిండు ముందే సిద్ధంగా ఉండేది.

ఒకసారి పెళ్ళికి ముందు ఫొటోల కోసం ఒక జంటను ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళారు. ఇద్దరూ మహా మొహమాటస్తులు. దగ్గరగా నిలబడమంటే ఒకరు చెట్టును, ఒకరు నీళ్ళను చూస్తూ దూరదూరంగా నిలబడ్డారు. ఫొటో అక్క ఎన్ని విధాల చెప్పినా కదల్లేదు. మామగారు గొడుగు తగిలించిన లైటు పట్టుకుని తిన్నగా వెళ్ళి ఆ ఇద్దరి మధ్యా నిలబడ్డారు.

"తాతగారూ, మీరెందుకు..." అన్నాడు ఆ కుర్రాడు.

"ఖాళీ ఉంది కదా నాయనా. ఖాళీ ఉంటే ప్యాసింజరు ఎక్కుతాడు."

ఆ అమ్మాయి నవ్వాపుకోలేక ఆయన్ని పక్కకి తప్పించి ఆ కుర్రాడి భుజం పట్టుకుంది. వాళ్ళ ఆల్బమ్ అట్ట మీద ఆ ఫొటోయే పడింది.

ఇలా అంతా సాఫీగా సాగుతుండగా ఒక పెళ్ళికొడుకు స్టూడియోకి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడే గాని అసలు సంగతి చెప్పకుండా చాలాసేపు నీళ్ళు నమిలాడు.

"మా నాన్నా, పెదనాన్నా ఒక్క ఫొటోలో పడాలక్కా. మధ్యలో నేను ఉండాలి. ఇంకేమీ అక్కర్లేదు నాకు."

ఆ అన్నదమ్ములిద్దరూ వడ్రంగులు. ఒకప్పుడు ఒకే షాపులో కుర్చీలూ బల్లలూ చేసేవాళ్ళు. ఒక రోజు ఏదో మాటా మాటా పెరిగింది. ఇప్పుడు అదే వీధిలో ఎదురెదురుగా రెండు షాపులు. పొద్దున్న షట్టరు ఎత్తింది మొదలు ఎడమొహం పెడమొహం.

"అసలు గొడవేంటి?" అని అడిగారు మామగారు.

"నాన్న ఒకటి చెప్తాడు. పెదనాన్న ఇంకోటి చెప్తాడు. అమ్మేమో రెండూ అబద్ధమే అంటుంది. నేను మాత్రం పెదనాన్న భుజాల మీద పెరిగాను తాతగారూ. ఆయన పెళ్ళికి వస్తానన్నాడు. నాన్న రావద్దనలేదు. అంతవరకే."

ఫొటో అక్క మెత్తగా చెప్పింది. "బాబూ, అక్కడ ఉన్నది తియ్యడం నా పని. లేనిది తేలేను."

పెళ్ళికొడుకు తలూపి వెళ్ళిపోయాడు. మామగారు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే అనుమానించాలని ఆమెకు అప్పటికింకా తెలియదు.

పెళ్ళి రోజు పెదనాన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు. లోపలికి రాకుండా తలుపు పక్క కుర్చీలో, లేచిపోవడానికి వీలుగా కూర్చున్నాడు. తమ్ముడు, అంటే పెళ్ళికొడుకు తండ్రి, వేదిక దగ్గర హడావుడిగా తిరుగుతూ తలుపు వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్నాడు.

గ్రూపు ఫొటో వేళ అయింది. మామగారు అందరినీ ఎక్కించారు. ఆపైన తలుపు వైపు చెయ్యి ఊపారు. "ఆ పెద్దాయనా! మీరొస్తేగాని బండి కదలదు!"

అందరూ అటే చూడటంతో పెదనాన్న లేవక తప్పలేదు. వచ్చి ఒక చివర నిలబడ్డాడు. తమ్ముడు రెండో చివర పక్కవాళ్ళ పిల్లాడి కాలరు సర్దుతున్నాడు. ఇక మామగారి పని మొదలైంది. ఈ మనిషిని ఇటు, ఆ మనిషిని అటు, ఈ బామ్మగారిని ముందుకు, ఆ బావగారిని వెనక్కి. "కాస్త లోపలికి... ఇంకాస్త..." చూస్తుండగానే రెండు చివర్లూ లోపలికి జరిగి జరిగి పెళ్ళికొడుకుకు చెరో పక్కకీ చేరాయి. ఆ తోపులాటలో ఎవరి పక్కన ఎవరున్నారో ఆ ఇద్దరూ గమనించలేదు. కెమెరా వెనక ఫొటో అక్క గమనించింది.

మామగారు ఆగకుండా కబురు అందుకున్నారు. "ఒకసారి ఏమైందనుకున్నారు? ఒకాయన నిద్రపోయి ఆఖరి స్టాపు దాటి షెడ్డు దాకా వచ్చేశాడు. భుజం తట్టి లేపాను. కళ్ళు తెరవకుండా, 'ఇంకాస్సేపు పడుకోనీ అమ్మా' అని నా చెయ్యి లాక్కుని చెంప కింద పెట్టుకున్నాడు. ఏం చెయ్యను? అటు డ్రైవరు హారను కొడుతున్నాడు, ఇటు నేను అమ్మనైపోయాను!"

అందరూ గొల్లుమన్నారు. ఫొటో అక్క ఆపకుండా మీట నొక్కింది. నవ్వుతూ నవ్వుతూ తమ్ముడు పక్కకి తిరిగాడు. అన్న కనబడ్డాడు. ఇద్దరి మొహాల మీదా నవ్వు ఉన్నది ఉన్నట్టు ఎండిపోయింది.

పెదనాన్న వేదిక దిగి, భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

తమ్ముడు ఎవరినీ ఏమీ అనలేక ఫొటో అక్క మీదికి వచ్చాడు. "నిన్ను ఫొటోలు తియ్యమన్నామా, కాపురాలు చక్కబెట్టమన్నామా? నిండు పెళ్ళిలో మా పరువు తీశావు కదమ్మా!"

పెళ్ళికొడుకు నేల చూపులు చూస్తున్నాడు. ఆమె క్షమించమని అడిగి, మిగతా ఫొటోలు ఎలాగో పూర్తి చేసింది. తల కొట్టేసినట్టయింది. కారు ఎక్కాక ఇక ఆగలేకపోయింది.

"ఇది బస్సు కాదు మామయ్యా! కనబడ్డవాళ్ళందరూ మీ ప్యాసింజర్లు కాదు! ఇష్టమొచ్చినట్టు జరపడానికి వాళ్ళేమన్నా మూటలా? నాకింత పేరు రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో మీకేం తెలుసు?"

ఆయన ఎదురు చెప్తారనుకుంది. చెప్పి ఉంటే ఇంకో నాలుగు మాటలు అని చల్లబడేది. ఆయన ఒడిలో ఉన్న లైటు గొడుగు మడతలు సరిచేస్తూ, "అలాగేనమ్మా," అన్నారు.

తర్వాతి పెళ్ళికి బయల్దేరుతుంటే ఆయన మంచం దిగలేదు. "నడుం పట్టేసిందమ్మా. ఇవాళ్టికి ఎవరినైనా చూసుకో."

పట్టేసింది నడుం కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె సామాన్లు తీసుకుని వెళ్ళిపోయింది. తోటి ఫొటోగ్రాఫరు పంపిన మనిషి లైటు చక్కగా పట్టుకున్నాడు, ఒక్కసారి కూడా ఫ్యాను పడలేదు. కాని గ్రూపు ఫొటోలో అందరూ గుర్తింపు కార్డు కోసం వచ్చినట్టు నిలబడ్డారు. పెళ్ళికూతురి పిన్ని అడిగింది. "ఆ కండక్టరు తాతగారు రాలేదేం? మొన్నో పెళ్ళిలో చూసినప్పటినుంచి మా పిల్లలు ఆయన కోసమే ఎదురు చూస్తున్నారు."

"ఒంట్లో బాగోలేదండీ," అంది ఫొటో అక్క. లెన్సు మార్చుకోవడానికి పెద్ద సంచి జిప్పు తీసింది. లెన్సుల మీద ఆ చిన్న దిండు, కొత్త గలీబు తొడిగి, నీటుగా సర్ది ఉంది. తను రానని తెలిసీ ఆయన పొద్దున్నే లేచి సర్ది పెట్టారన్నమాట. సంచిలోకి వంగిన ఆమె కాసేపు తల ఎత్తలేదు. లెన్సు దొరకడం లేదేమోనని లైటు మనిషి వచ్చి అడిగాడు కూడా.

మర్నాడు మధ్యాహ్నం, ఆ గొడవ జరిగిన పెళ్ళి ఫొటోలు కంప్యూటర్లో వేసి చూడసాగింది. ఆ గ్రూపు ఫొటోల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. లేచి లోపలి గదికి వెళ్ళింది.

"మామయ్యా, ఒకసారి వస్తారా?"

ఆయన కళ్ళజోడు వెతుక్కుంటూ వచ్చి, ఆమె కుర్చీ వెనక నిలబడ్డారు. తెర మీద ఆ క్షణానికి సరిగ్గా ముందు తీసిన ఫొటో ఉంది. మధ్యలో పెళ్ళికొడుకు నవ్వి నవ్వి కళ్ళు మూసుకున్నాడు. చెరో పక్కనా అన్నదమ్ములు. ఇద్దరి తలలూ ఒకే వైపు వాలాయి. ఇద్దరూ ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ఒకే అచ్చులో పోసినట్టు నవ్వుతున్నారు.

"అమ్మనాయనోయ్," అన్నారు మామగారు చిన్నగా. "వీళ్ళకి ఈ నవ్వు ఒకరి దగ్గరి నుంచే వచ్చుంటుంది. తల్లిదో, తండ్రిదో."

"ఆ రోజు నేను అలా మాట్లాడి ఉండకూడదు మామయ్యా."

"ఎందుకు మాట్లాడకూడదు? నువ్వన్నదాంట్లో తప్పేముంది తల్లీ? తప్పు నాదే. ఆ కుర్రాడి మొహం చూసి ఆగలేకపోయాను." ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. "నాకు కోపం రాలేదమ్మా. నా వల్ల నీ పని పోతుందేమోనని భయమేసింది. ఇంట్లో ఉంటే ఏ నష్టమూ చెయ్యను కదా."

"మీరు లేకపోతే నిన్న ఒక్కరూ నవ్వలేదు, తెలుసా?"

"ఒక్కరూనా?" అన్నారాయన. ఎంత దాచుకున్నా మొహం వెలిగిపోయింది.

ఫొటోని ఏం చేయాలన్నది ఇద్దరూ చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. ఆల్బమ్‌లో పెడితే పెళ్ళికొడుకు తండ్రి చింపి పారేస్తాడేమో. పెట్టకపోతే ఆ కుర్రాడికి అన్యాయం. చివరికి ఆల్బమ్‌లో వెయ్యకుండా విడిగా అతని చేతికే ఇవ్వాలనుకున్నారు. అతను వచ్చి ఆ ఫొటో చూసి, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు మామగారి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం స్టూడియో గుమ్మంలో పెదనాన్న నిలబడి ఉన్నాడు. ఫొటో అక్క గబుక్కున కుర్చీలోంచి లేచింది. చెప్పుల చప్పుడు విని మామగారు కూడా లోపలినుంచి వచ్చారు.

"నా ఫొటో ఒకటి మీ దగ్గరుందట," అన్నాడు పెదనాన్న, ఎవరి మొహమూ చూడకుండా. "మావాడు ఫోనులో పంపాడు. ఫోనులో నాకు ఆనదు."

ఆమె కంప్యూటర్లో పెద్దది చేసి చూపించింది. ఆయన ముందుకు వంగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"మా తమ్ముడు చూశాడా ఇది?"

"చూశారటండీ. పెళ్ళికొడుకే ఫోను చేసి చెప్పాడు."

"ఏమన్నాడు?"

ఆమె కాస్త తటపటాయించి నిజమే చెప్పింది. "అన్నయ్య బాగా చిక్కిపోయాడన్నారట."

"నేను చిక్కడమేంటి? వాడి నెత్తి చూడండి, జుట్టేదీ?"

"ఉన్నంతలో చక్కగానే దువ్వుకున్నారు పాపం," అన్నారు మామగారు.

పెదనాన్నకు నవ్వు తన్నుకొచ్చింది. ఎడమచెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. నవ్వు ఆగాక రెండు కాపీలు కావాలన్నాడు.

"రెండెందుకండీ?"

"ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుంది," అన్నాడు గోడ వైపు చూస్తూ. మామగారు ఇంకేమీ అడక్కుండా ఆయన్ని టీకి తీసుకెళ్ళారు. ఇద్దరూ తిరిగొచ్చేసరికి కాపీలు సిద్ధమయ్యాయి.

ఆ అన్నదమ్ములు కలిశారో లేదో చెప్పినవాళ్ళు లేరు. ఫొటో అక్కకూ అడగడానికి మొహం చెల్లలేదు. మామగారి నడుం నొప్పి మాత్రం ఎటు పోయిందో పోయింది.

నెల తిరగకముందే ఒక పెళ్ళికి వెళ్తూ ఆ అన్నదమ్ముల షాపులున్న వీధిలోంచి పోవాల్సి వచ్చింది. అది దగ్గరి దారి కాదు. కాని ఆ వీధిలోంచే వెళ్దామని మామగారు పట్టుబట్టారు. ఎదురుగా సామాన్ల లారీ ఒకటి అడ్డం రావడంతో కారు సరిగ్గా రెండు షాపుల మధ్యా ఆగింది. ఈ పక్క షాపులో, రంపాలు తగిలించిన గోడకు, ఆ ఫొటో ఉంది. ఆ పక్క షాపులో, వార్నిషు డబ్బాల పైన, అదే ఫొటో. అన్నదమ్ములిద్దరూ ఎవరి గుమ్మంలో వాళ్ళు చెక్క చిత్రిక పడుతున్నారు, తలలు వంచుకుని.

తమ్ముడు చిత్రిక ఆపి, లోపలున్న పనివాడిని గట్టిగా కేకేశాడు. "ఒరేయ్, ఎదురు షాపులో టీ తాగారేమో కనుక్కో!"

పనివాడు బయటికి రాకముందే, ఎదురుగుమ్మం నుంచి, తల ఎత్తకుండానే జవాబు వచ్చింది. "తాగలేదని చెప్పు! చక్కెర తక్కువ వెయ్యమని చెప్పు!"

మామగారు కారు తలుపు మీద చెయ్యి వేశారు. "అమ్మాయ్, ఒక్కసారి దిగి..."

"వద్దు మామయ్యా. కూర్చోండి. వాళ్ళని అలాగే ఉండనిద్దాం."

ఆయన తలుపు మీద నుంచి చెయ్యి తీశారు. లారీ పక్కకి తప్పుకుంది. ఆమె బండి ముందుకు పోనిచ్చింది. ఆ రోజు పెళ్ళివాళ్ళది పెద్ద కుటుంబమని, వేదిక చూస్తే చిన్నదని, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఇద్దరూ దారి పొడుగునా వాదించుకుంటూ వెళ్ళారు.